పద్నాలుగు సార్లు ‘ఆయమ్మ’

ప్రశ్న: అక్కా, నాకు 47 ఏళ్లు. తిరుపతిలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుని. నాయన సర్వీసులో ఉండగానే పోతే 2001లో కారుణ్య నియామకం కింద చేరినాను. ఇప్పటికి ఏడుగురు ఆఫీసర్ల కింద పనిచేసినా, ఎవరితోనూ మాట పడలేదు. పోయిన ఏడాది ఎనిమిదో ఆఫీసరుగా ఒకామె వచ్చింది. 33 ఏళ్లు. ఎస్సీ కోటాలో గ్రూప్-1 కొట్టిన మనిషి. నాకు కులం పట్టింపు లేదక్కా, నా స్నేహితుల్లో అన్ని కులాలవాళ్లూ ఉండారు. కానీ ఆయమ్మకి సీనియర్లంటే లెక్కలేదు. లేటుగా పోతే సీఎల్ కోస్తుంది. ఫైలు నాలుగు రోజులు ఆగితే ఎందుకు ఆగిందో రాసిమ్మంటుంది. మొన్న అందరి ముందర మెమో చేతిలో పెట్టింది. మాట జారితే అట్రాసిటీ కేసు పెడతారేమోనని నోరు మూసుకుని ఉండాం. ఇంటికి పోతే అన్నం సహించడం లేదు. మా నాయన ఉన్న రోజుల్లో వాళ్లు మా వాకిట్లో చెప్పులు విడిచి నిలబడేవాళ్లు. కాలం తిరగబడిందనుకుంటా.

మా స్టాఫులో కొందరు ఆయమ్మ చర్చికి పోతుందని, కుల ధ్రువీకరణ పత్రం విచారించాలని కలెక్టరుకు అర్జీ రాసినారు. నన్నూ సంతకం పెట్టమంటున్నారు. పెట్టాల్నా? లేక ట్రాన్స్‌ఫర్ పెట్టుకుని శ్రీకాళహస్తికో సూళ్లూరుపేటకో పోవాల్నా? ఇంకొకటి. ఏటా గంగమ్మ జాతరకు ఆఫీసువాళ్లమంతా కలిసి పోతాం. ఈసారి ఆయమ్మని పిలవాల్నా, వద్దా?
– ఒక తమ్ముడు, తిరుపతి

సమాధానం:

తమ్ముడూ,

మీ ఉత్తరం నాలుగు పేజీలు. పైన అచ్చయింది అందులో పావు వంతు కూడా లేదు. మీ పేరు, మీ శాఖ తీసేశాను. రెండో వాక్యంలో, నేను అడక్కుండానే మీరు చెప్పుకున్న మీ కులం కూడా తీసేశాను. కులం పట్టింపు లేదని రాసింది ఎనిమిదో వాక్యంలో. ఈ రెంటికీ మధ్య ఉన్న ఐదు వాక్యాలు మళ్లీ ఒకసారి చదువుకోండి.

ముందు తొందరగా తేలాల్సింది చెబుతాను. ఆ అర్జీ మీద సంతకం పెట్టకండి. పెట్టేసి ఉంటే రేపే వెళ్లి వెనక్కి తీసుకుంటున్నట్టు రాసివ్వండి.

ఎందుకంటే, కుల ధ్రువీకరణ మీద అనుమానం ఉంటే దానికో దారి ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు, 1956 నుంచి సిక్కులు, 1990 నుంచి బౌద్ధులు మాత్రమే ఎస్సీలుగా లెక్క. మన రాష్ట్రంలో ధ్రువపత్రాలకని 1993లో ప్రత్యేకంగా చట్టం వచ్చింది. పత్రం తప్పుడుదైతే విచారణ జరిపించి రద్దు చేసే అధికారం కలెక్టరుకు ఉంది. ఆధారం ఉన్నవాడు అర్జీ పెట్టుకోవచ్చు, ఎవరూ అడ్డుకోరు. మరి మీ దగ్గరున్న ఆధారం ఏమిటి? మీ మాటే చెబుతున్నాను: ‘పోతుందని అంటున్నారు.’ ఎవరన్నారు, ఎవరు చూశారు, ఏ చర్చి, ఒక్క వివరమూ లేదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో 3(1)(క్యూ) అని ఒక క్లాజు ఉంది. అబద్ధపు సమాచారమో, పసలేని సమాచారమో ప్రభుత్వాధికారికి ఇచ్చి, ఆ అధికారి చేత ఒక ఎస్సీ, ఎస్టీ వ్యక్తికి హాని చేయిస్తే అదే నేరం. ఆరు నెలలకు తగ్గకుండా, ఐదేళ్ల దాకా శిక్ష. ‘పేరు లేకుండా ఇంకోటి కూడా వేసినారు’ అని మూడో పేజీలో రాశారు. ఆకాశరామన్న ఉత్తరం రాసినవాడి చేతిరాత ఆఫీసులో అందరికీ తెలిసే ఉంటుంది. సంతకాల అర్జీ వెంబడే అది వచ్చిందంటే, రెండూ ఒకే చేతివని విచారించే మనిషికి చెప్పాల్సిన పని లేదు.

చట్టం పక్కన పెట్టి ఇంకొకటి అడుగుతాను. మీ ఏడుగురు ఆఫీసర్లలో ఒకాయన బిల్లుకింత అని పర్సంటేజీ తీసుకునేవాడని మీరే రాశారు. ఆయన మీద అర్జీ పెట్టారా? రాయలేదు కాబట్టి పెట్టలేదనుకుంటాను. ఆయన్ను మీ ఉత్తరంలో ‘సార్’ అన్నారు, ‘గారు’ అన్నారు. ‘కోపిష్టే గానీ మనసు వెన్న’ అని కూడా అన్నారు. ఆ వెన్న మనసు మీ మీదికి ఒకసారి ఫైలు విసిరేసిందట, నవ్వుతూ చెప్పుకున్నారు. ఈమె మెమో మర్యాదగా చేతికిస్తే మీకు అన్నం సహించడం లేదు.

‘ఆయమ్మ’ అన్న మాట దగ్గర కాసేపు ఆగుదాం. మన జిల్లాలో అది తిట్టు కాదు, నాకూ తెలుసు. మా అత్తగారిని కూడా నేను ఆయమ్మ అనేదాన్ని. అందుకే మొదట దాటిపోయాను. రెండోసారి చదువుతూ పెన్సిలుతో గీతలు పెట్టాను. నాలుగు పేజీల్లో పద్నాలుగు చోట్ల ఆయమ్మ. మేడమ్ అన్నది ఒక్క చోట లేదు, గారు లేదు, ఆఫీసరు అనైనా లేదు, మొదట్లో ‘ఎనిమిదో ఆఫీసరుగా ఒకామె’ అన్నది తప్ప. పాత ఏడుగురికీ ఆ మాటలన్నీ ఉన్నాయి. ఈ లెక్క నేను వేస్తే మీకు చిన్న విషయం అనిపిస్తుంది. ఆమె ఏడాదిగా రోజూ వేస్తూ ఉంటుంది.

కోటా సంగతికొస్తాను. గ్రూప్-1 అంటే ప్రిలిమ్స్, మెయిన్స్, ఇంటర్వ్యూ. కోటా ఉన్నా లేకపోయినా మూడూ దాటాలి. మీరు ఉద్యోగంలోకి వచ్చిన దారిలో ఏ పరీక్షా లేదు. తప్పు పట్టడం లేదు తమ్ముడూ. సంపాదించే మనిషి పోయిన ఇల్లు రోడ్డున పడకూడదని ప్రభుత్వం పెట్టిన ఏర్పాటు అది, మంచి ఏర్పాటు. మీ అమ్మగారికి ఆ నెల జీతం ఎంత అవసరమో మీరు రాసింది చదివి నా కళ్లు తడిసినాయి. ఒక ఇంటికి జరిగిన నష్టాన్ని చూసి తలుపు కొంచెం వారగా తెరవడం న్యాయమేనని మీ అనుభవమే చెబుతోంది. ఎన్నో తరాలుగా వాకిలి దాటనివ్వని ఇళ్లకు అదే తలుపు తెరిస్తే అక్కడ మాత్రం ‘కోటా’ అన్న మాట ఎందుకు గుర్తొస్తుందో చూసుకోండి.

ఆ వాకిలి అన్న మాట మీదే. మీ ఉత్తరం మొత్తంలో నిజాయితీగా ఉన్న వాక్యం అదొక్కటే, అందుకే తీసేయలేదు. ‘వాళ్లు మా వాకిట్లో చెప్పులు విడిచి నిలబడేవాళ్లు.’ ఎవరా వాళ్లు? మీ ఆఫీసరుది మీ ఊరు కాదు, మీ జిల్లానే కాదని మీరే రాశారు. ఆమె తండ్రి మీ గడప ఎప్పుడూ చూసి ఉండడు. అయినా ఆమె మెమో ఇచ్చిన రోజు మీకు కనబడింది ఆఫీసరు కాదు, ఆ వాకిట్లో నిలబడ్డ మనిషి లోపలికొచ్చి మీ నాయన కుర్చీలో కూర్చున్నట్టు కనబడింది. అన్నం సహించనిది అందుకని నా అనుమానం.

కాలం తిరగబడిందన్నారు. తిరగబడితే ఎట్లా ఉండేదో ఊహించండి. మీరు ఆమె ఇంటి బయట చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడాలి. దాహమైతే పైనుంచి నీళ్లు పోస్తే దోసిట్లో పట్టి తాగాలి. మీ పిల్లలు బడిలో విడిగా కూర్చోవాలి. ఆమె వీధిలో మీకు బాడుగకు ఇల్లు దొరక్కూడదు. (మీ వీధిలో ఆమెకు ఇల్లు ‘ఖాళీ లేదన్నారు’ అని, అందుకే రేణిగుంట నుంచి వచ్చి పోతుందని మీరు ఒక పక్క మాటగా రాసి ముందుకెళ్లిపోయారు. నేను అంత సులువుగా పోలేకపోయాను.) ఇవేవీ జరగలేదు. ఆమె మీ సీఎల్ కోసింది. మూడు ఆలస్యాలకు ఒక సీఎల్ పోతుందన్నది మీరు చేరకముందు నుంచీ ఉన్న నిబంధన. అంత దూరం నుంచి వచ్చే మనిషి మీకంటే ముందు సీట్లో ఉంటుందని కూడా మీరే రాశారు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోవాలి, లేకపోతే మీకు నీతులు చెప్పే అర్హత నాకు లేదు.

1986లో నేను చిత్తూరులో ఒక ఆఫీసులో టైపిస్టుగా చేరాను. మా ఆఫీసరు దళితుడు, చదువుకున్నవాడు, మెత్తని మనిషి. పదకొండు గంటలకు అటెండరు టీ తెచ్చేవాడు. మాకందరికీ స్టీలు గ్లాసులు. సారుకు మాత్రం నీలం పూల పింగాణీ కప్పు, కింద సాసరు. పెద్దాఫీసరు కదా, మర్యాద అనుకున్నాను. ఆరు నెలలు అట్లాగే అనుకున్నాను. ఒకరోజు పైనుంచి ఎవరో వచ్చారు, ఒక గ్లాసు తక్కువైంది. సారు ఆ రోజు క్యాంపులో ఉన్నాడు, కప్పు ఖాళీగానే ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. గ్లాసు కడిగి తెచ్చేదాకా సూపరింటెండెంటు టీ లేకుండా కూర్చున్నాడు. అప్పుడు గమనించాను. మా గ్లాసులు లోపలి అలమరలో ఉండేవి, ఆ కప్పు పెరటి కిటికీ మీద. కడిగేది కూడా బయట కొళాయి దగ్గర.

నేనేమీ అనలేదు. కొత్త ఉద్యోగం, ఆడపిల్లను, నాకెందుకు అనుకున్నాను. ఇంకో ఏడాదిన్నర పాటు రోజూ ఆ కప్పు నా టేబుల్ పక్కనుంచే పోయేది. సారుకు తెలుసా అంటే, తెలియకుండా ఎట్లా ఉంటుంది? ఆయన బదిలీ మీద వెళ్లాక వచ్చిన కొత్త ఆఫీసరు అగ్రకులం. మొదటి రోజు పదకొండు గంటలకు ఆయనకు స్టీలు గ్లాసులో టీ వచ్చింది. కప్పేదని అటెండరును అడిగాను. ‘అది ఆ సారుదమ్మా’ అన్నాడు.

మర్యాద వేషంలో వచ్చేదాన్ని పట్టుకోవడం ఎంత కష్టమో అప్పటి నుంచీ నాకు తెలుసు. అందుకే మీ ఉత్తరంలో కేకు దగ్గర నాకు నవ్వొచ్చింది. ఆమె పుట్టినరోజున కేకు కోస్తే ‘శనివారం ఒక్కపొద్దు’ అని చెప్పి తినలేదన్నారు. మీరిచ్చిన తేదీ క్యాలెండర్లో చూశాను తమ్ముడూ. బుధవారం.

ఇదేదో మన తిరుపతిలో పుట్టిన జబ్బు కాదు. 1917లో అంబేడ్కర్ విదేశాల్లో చదువుకుని వచ్చి బరోడా సంస్థానంలో పెద్ద ఉద్యోగంలో చేరితే, ఆయన కింద పనిచేసే జవాన్లు ఫైళ్లను దూరం నుంచి బల్ల మీదికి విసిరేవాళ్లు. ఆఫీసులో ఆయనకు తాగే నీళ్లు దొరకలేదు. ఊళ్లో ఉండటానికి ఇల్లు దొరకలేదు. మరుసటి ఏడాది బొంబాయిలో సిడెన్‌హామ్ కాలేజీకి ప్రొఫెసరుగా వెళితే, సాటి అధ్యాపకులే తమ నీళ్ల కూజా ముట్టుకోవద్దన్నారు. అంత చదువు, అంత పదవి ఉన్న మనిషికి జవాను దగ్గర చెల్లుబాటు కాలేదు. మన ఆఫీసుల్లో ఇప్పుడు ఈ-ఆఫీస్ వచ్చింది, ఫైలు విసరాల్సిన పని లేదు. నాలుగు రోజులు ఆపితే చాలు. పాత సార్ల హయాంలో రెండో రోజుకు కదిలే ఫైళ్లు ఇప్పుడు నాలుగో రోజుకు ఎందుకు వెళుతున్నాయో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ‘ఎందుకాగిందో రాసిమ్మంటుంది’ అని మాత్రం ఉంది. నేనూ అదే అడుగుతున్నాను, ఎందుకాగుతోంది?

అట్రాసిటీ కేసు భయం గురించి. కారంచేడులో దళితులను ఊచకోత కోసిన నాలుగేళ్లకు, 1989లో వచ్చిన చట్టం అది. అది అమల్లోకి వచ్చిన ఏడాదిన్నరకే చుండూరులో మళ్లీ అదే జరిగింది. ఎందుకు పుట్టిందో తెలిస్తే దాన్ని బూచిలా చూడరు. పని విషయంలో ఆఫీసరుతో విభేదించడం, మెమోకు గట్టిగా జవాబు రాయడం అందులో నేరాలు కావు. నలుగురు చూసే చోట కులం పేరుతో తిట్టడం, కావాలని అవమానించడం నేరం. రాతతోనో బొమ్మలతోనో ఆ కులాలవాళ్ల మీద ద్వేషం రెచ్చగొట్టడమూ నేరమే. మేడమ్ లేకుండా మీ స్టాఫు పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో తిరిగే జోకులు మీరు రెండు రాశారు, నేను ఇక్కడ ఎత్తి రాయలేను. నోరు మూసుకుని ఉండామని మీరన్నది ఆఫీసు గది వరకేనన్నమాట. ఆ గ్రూపులోంచి బయటికి రండి. వచ్చేటప్పుడు ప్రసంగం అక్కర్లేదు. ‘ఇట్లాంటివి నాకొద్దప్పా’ అని ఒక్క ముక్క చాలు. ఇన్నేళ్లకు నేను నేర్చుకున్నది ఏమిటంటే, టీ బంకు దగ్గర ఆ ఒక్క ముక్క అనడమే అన్నిటికంటే కష్టం. చిత్తూరులో నేను అనలేకపోయింది అదే.

ఇక మీ వైపు న్యాయం ఉన్న చోటు. మెమో అందరి ముందర ఇవ్వడం నాకూ నచ్చలేదు. తప్పు ఉంటే గదిలోకి పిలిచి చెప్పొచ్చు. 33 ఏళ్ల ఆఫీసరు, తనను తక్కువగా చూసే గది, గొంతు కొంచెం పెంచకపోతే ఎవరూ వినరన్న అనుభవం: ఇవన్నీ కలిస్తే మనిషి కొంచెం బిరుసుగానే తయారవుతుంది. కాకపోతే ఆమె నిజంగానే మంచి ఆఫీసరు కాదేమో కూడా. దళితురాలైనంత మాత్రాన ఆమె దేవత కానక్కర్లేదు. పాత ఏడుగురికి మీరిచ్చిన సదుపాయమే ఆమెకూ ఇవ్వండి: మంచో చెడో, ఆమె ఒక ఆఫీసరు. కాబట్టి మెమోకు గడువులోగా జవాబు రాయండి. ఏ రోజు ఎందుకు లేటైందో, ఏ ఫైలు ఎక్కడ ఆగిందో తేదీలతో రాయండి. శిక్ష వేస్తే, అది అన్యాయమనిపిస్తే, ఉద్యోగుల క్రమశిక్షణకు ఉన్న సీసీఏ రూల్స్ కింద పై అధికారికి అప్పీలు చేసుకునే హక్కు మీకుంది. రాసిన జవాబును ఒకసారి ఆ పర్సంటేజీ సారుకు రాస్తున్నట్టు ఊహించుకుని చదవండి. ఆయనకు రాయని మాట ఏదైనా అందులో ఉంటే కొట్టేయండి.

బదిలీ అంటారా, పెట్టుకోవద్దనను. పిల్లల చదువుకో, అమ్మ ఆరోగ్యానికో అయితే వెళ్లండి. ఈ కారణానికైతే సూళ్లూరుపేటలోనూ రేపు ఇంకో మేడమ్ రావచ్చు. రావాలి కూడా.

ఇంకో జాగ్రత్త. ఈ సమాధానం చదివి ఏదైనా కదిలితే, పరుగున ఆమె గదిలోకి వెళ్లి ‘మేడమ్, నేను మీ కులం చూడను, నన్ను క్షమించండి’ అనకండి. అది మీ బరువు దింపుకుని ఆమె నెత్తిన పెట్టడం. క్షమించాలా వద్దా అని ఆమె ఇంకో రాత్రి ఆలోచించాల్సి వస్తుంది. సోమవారం టైముకు వెళ్లండి. అటెండరు చేత పంపించే ఫైలు మీరే తీసుకెళ్లండి. కూర్చోమంటే కూర్చోండి. ఆమె కూర్చోమన్నా మీరు నిలబడే ఉంటారని, అది గౌరవమని రాశారు. నాకు ఆ నీలం పూల కప్పు గుర్తొచ్చింది. ‘మేడమ్’ అని పిలవడం కొన్నాళ్లు నోటికి కష్టంగా ఉంటుంది, ఉండనివ్వండి. ఇంట్లో మీ అమ్మాయి ముందు కూడా అదే మాట వాడండి. వచ్చే ఏడాది గ్రూప్స్ రాస్తుందన్నారు కదా. ఉద్యోగమొస్తే తన కిందివాళ్లు తనను ఏమని పిలవాలో ఆ పిల్ల మీ నోటినుంచే నేర్చుకుంటుంది.

చివరగా జాతర. తాతయ్యగుంట గంగమ్మ దగ్గర ఊరికి వెట్టి చేసే తోటి వేషం, ఊరినేలే దొర వేషం వెంటవెంటనే వస్తాయని తిరుపతి మనిషికి నేను చెప్పాలా! దొర వేషం కట్టిన అమ్మవారే పాలెగాణ్ణి చంపుతుంది, ఆ తర్వాత మాతంగి వేషంలో వచ్చేదీ ఆ తల్లే. తోటి వేషానికీ దొర వేషానికీ ఒకే మొక్కు మొక్కే ఊరు మనది. మీ చిన్నప్పుడు మీ అమ్మ మీకు తోటి వేషం కట్టించి గుడికి తీసుకెళ్లిందని రెండో పేజీలో ఎంత ముచ్చటగా రాశారో. సాయంత్రం స్నానం చేస్తే ఆ వేషం పోయిందని కూడా రాశారు.

కాబట్టి పిలవండి. అందరితో ఎట్లా చందా అడుగుతారో అట్లాగే అడగండి, ఎక్కువా వద్దు, మాఫీ చేయడమూ వద్దు. ‘మీరు కూడా రావచ్చు మేడమ్’ అని మాత్రం అనకండి. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ కలుస్తున్నారో చెప్పండి. ఆమె వస్తుందో రాదో, మొక్కుతుందో మొక్కదో ఆమె ఇష్టం. రాకపోతే ‘చూశారా, చెప్పలేదా’ అని ఆ అర్జీ రాసినవాడు అంటాడు. అప్పుడు ఏమనాలో పైన చెప్పాను.

– మీ అక్క